చేతులకు రాని జ్వరం

ధార్వాడ

శాంతక్కా, కంగారు పడకు, జ్వరం తగ్గింది. టైలరు కొట్టుకు తాళం వేసి ఇంట్లో పడుకుంటే, పక్కవీధి గిరిజవ్వ జాకెట్టు పట్టుకుని మంచం దగ్గరికే వచ్చింది. నుదుటి మీద చెయ్యి పెట్టి, "అయ్యో, కాలిపోతోంది కదరా ఈరప్పా! పోనీలే, జ్వరం ఒంటికే గానీ చేతులకు కాదుగా. ఈ హుక్కులు కుట్టెయ్" అంది. నౌకరీ అయితే సెలవు చీటీ పంపేవాణ్ణి. సొంత కొట్టువాడు ఎవరికి పంపాలి? కుట్టిచ్చాను.

బావ దగ్గు తగ్గిందా? నువ్వు వేరుశనగలు దంచి చేసే శేంగా పొడి నాకు దాచిపెట్టు. మనవరాలి ఉయ్యాల వేడుకకు తప్పక వస్తాను. "రెండు రోజులు హాయిగా పడుకుందువుగాని, రా" అని రాశావు, ప్రాణం లేచొచ్చింది. దాని కిందే "కత్తెర మరిచిపోకు" అని ఎందుకు రాశావమ్మా?

పాపకు మేనతాత దీవెనలు. కత్తెర తెస్తాన్లే.

నీ తమ్ముడు
ఈరప్ప