ఎద్దులు నిలబడితేనే మేలు

మైదుకూరు దగ్గర,
2009 ఆగస్టు.

ఫోను కంపెనీ వీడియో విభాగం పెద్దసారు గారికి సుందరం వందనాలు.

మా అల్లుడు వీడియోలు వచ్చే ఫోను కొనిచ్చినాడు. మా ఇంట్లో సిగ్నల్ లేదు. మా అన్న జయపాల్ అరుగు మీద మాత్రం ఉంది. ఒక కాడి ఎద్దుల్ని చెరొకటి పంచుకున్నప్పటి నుంచి అన్నకూ నాకూ మాటల్లేవు. వచ్చే నెల మనవరాలు మహిమ పెళ్లి. అన్నను పిలవాలి. నాకు నోరు రాదు.

ఆ అరుగు చివర కూర్చుని ఫోనులో ఎద్దుల బండలాగుడు పోటీ వీడియో పెట్టినాను. ఎద్దులు సగం దూరం లాగి నిలబడిపోయినాయి. తెర మీద చక్రం తిరుగుతా ఉంది. అన్న తొంగిచూసి, "ఏమప్పా, యాడనుంచి తోలుకొచ్చినారు వీటిని? మేత పెట్టలేదా?" అన్నాడు. ఏళ్ల తర్వాత మాట్లాడినాడు. ఎద్దుల్ని ఆపింది మీరే అయితే శానా సంతోషం.

ఇట్లు,
సుందరం.

తా.క. ఇంకొంచెం ఎక్కువసేపు ఆపే వీలుందా?

కర్నూలు.

గౌరవనీయులైన సుందరం గారికి,

మీ అన్నగారి పేరు చెప్పి మీరు చేసిన ఎగతాళి మమ్మల్ని ఆలోచింపజేసింది. తరంగాలు బలహీనమైనచోట వీడియో ఆగడం మా లోపమే. ఇకపై సిగ్నల్ తగ్గితే బొమ్మ నాణ్యత దానంతటదే తగ్గి, వీడియో ఆగకుండా నడిచేలా ఏర్పాటు చేశాం.

భవదీయురాలు,
శ్రీవిద్య, వీడియో విభాగం.

తా.క. ఎద్దుల మేత మా పరిధిలోకి రాదు.

మైదుకూరు దగ్గర.

శ్రీవిద్యమ్మకు సుందరం వ్రాయునది.

ఎగతాళి కాదమ్మా. అంత ధైర్యం నాకు లేదు. ఇప్పుడు వీడియో ఆగడం లేదు. అంతా మసక. "అన్నా, వచ్చే నెల" దాకా అన్నాను. ఆయన ఫోనులోకే చూస్తా, "ఈడ ఎద్దులుండాయా, దుమ్ముండాదా? కండ్లు పోయింది నీకా, నాకా?" అని లేచి లోపలికి పోయినాడు. దయచేసి ముందు మాదిరే ఆపండి.

ఇట్లు,
సుందరం.

తా.క. నా కండ్లు బాగానే ఉన్నాయి. అది కూడా ఆయనకు చెప్పలేకపోయినాను.

కర్నూలు.

గౌరవనీయులైన సుందరం గారికి,

మా సేవే ఆపేయమనేంతగా మీరు విసిగిపోయారని గ్రహించాం. సిగ్నల్ పెంచే పెట్టెను మీ ఇంటి మీదే బిగించడానికి మనిషిని పంపుతున్నాం. వీడియో ముందుగానే కొంత ఫోనులో నిండి ఉండేలా కూడా చేశాం. ఇక మీరు ఎవరి అరుగుకూ వెళ్లనక్కరలేదు.

భవదీయురాలు,
శ్రీవిద్య.

తా.క. మీ ఎద్దులు ఇక ఆగితే నన్నడగండి.

మైదుకూరు దగ్గర.

శ్రీవిద్యమ్మకు,

పెట్టె బిగించినారు. ఎద్దులు ఒక్క ఊపున లాగేసినాయి. ఇంట్లోనే చూడమంటుంది మా ఇంటామె. అయినా అరుగుకే పోయినాను. అక్కడా ఆగలేదు. నేను "అన్నా" అనే లోపల బహుమతి కూడా ఇచ్చేసినారు. పెళ్లి దగ్గరపడింది.

ఇట్లు,
సుందరం.

తా.క. పెట్టె బిగించిన మనిషికి మజ్జిగ ఇచ్చినాను. ఆయన మీద కోపం లేదు.

మైదుకూరు దగ్గర.

వీడియో విభాగం వారికి సుందరం వాళ్లన్న జయపాల్ వ్రాయునది.

పెట్టె బిగించిన మనిషి దగ్గర మీ చిరునామా తీసుకున్నాను. ఇంట్లో సిగ్నల్ వచ్చినాక కూడా మా వాడు దినామూ నా అరుగు మీదికే వస్తాడు. నిన్న "చక్రం ఇంకా తిరుగుతాండాదన్నా" అంటాడు. చూస్తే ఫోనులో చార్జింగే లేదు. తెర నల్లగా ఉంది. నేను కూడా, "పాపం, దప్పికైంటాది వాటికి" అని పక్కన కూర్చున్నాను.

పెళ్లి సంగతి మహిమ నాకు ఎప్పుడో చెప్పిపోయింది. కొత్త పంచె కూడా తెచ్చుకున్నాను. కానీ వాడి నోటితో పిలవాలి కదా. అందుకని వాడి ఫోను ఇంకేమీ బాగుచేయకండి.

ఇట్లు,
జయపాల్.

తా.క. ఇది రాస్తుండగానే వచ్చినాడు. నిలబడే "అన్నా, పెళ్లికి రా" అని, నా జవాబు వినకుండానే ఉరికినాడు. ఫోను మర్చిపోయినాడు. ఇచ్చేదానికి వాళ్లింటికి పోతున్నాను. అక్కడ మీ పెట్టె శానా బాగా పనిచేస్తుందంట. మా వాడు నన్ను కూర్చోమనేదానికి కొంచెం టైం పడుతుంది. అంతవరకు ఎద్దుల్ని ఆపండి.