బస్సు వెనక ఉగ్గాని

ఎమ్మిగనూరు,
ఆషాఢ శుక్రవారం

ప్రియమైన చెల్లెలు అనురాధకు,

నీ నవల కాగితాలు అందాయి. రోజూ పూజ అయ్యాక కొంచెం కొంచెం చదివాను. కరువు దేశంలో జనం నీళ్ళ మీద అధికారమంతా ఒక్కడి చేతిలో పెట్టడం బాగుంది. కానీ నీ ఏలిక మొదటి పేజీలోనే పళ్ళు కొరుకుతున్నాడు. అలాంటివాడికి తాళంచెవులు ఎవరిస్తారు? మంచివాడని నమ్మే ఇచ్చి ఉంటారు. ఎక్కడ చెడ్డాడో రాయి.

మగ్గం మీద కొత్త చీర ఎక్కింది. మీ బావ కులాసా.

మీ అక్క,
మల్లేశ్వరి


ఆదోని,
శ్రావణం, మొదటి వారం

ప్రియమైన అక్కకు,

నువ్వన్నది నిజమే. మంచివాడిగా మొదలుపెడితే చివరిదాకా మంచివాడిగానే ఉండిపోతున్నాడు. చెడ్డవాడిగా మొదలుపెడితే మా బడి నాటకంలో మీసం అతికించుకున్న పిల్లాడిలా ఉన్నాడు. శ్రావణం పోయేలోగా అచ్చుకు ఇస్తానని మాటిచ్చాను. ఇతను కుదరకపోతే ఏడేళ్ళ పని పక్కన పడేయాల్సిందే. అధికారం వచ్చి మారిపోయినవాళ్ళు నీకు తెలిసి ఎవరైనా ఉన్నారా?

నీ చెల్లెలు,
అనురాధ


ఎమ్మిగనూరు,
బుధవారం

ప్రియమైన అనురాధా,

ఒకరు దొరికారు.

శ్రావణం రెండో సోమవారం మన వీధి ఆడవాళ్ళమంతా ఎప్పటిలాగే బస్సు మాట్లాడుకుని ఉరుకుంద ఈరన్న స్వామి దగ్గరికి పోయాం. పెద్దదాన్నని అంతా నాకే వదిలేశారు. దర్శనమయ్యేదాకా ఏమీ తినకుండా ఒక్కపొద్దు ఉండాలనే నియమం నీకు తెలుసు. మొదట అది నా ఒక్కదాని మొక్కు. అందరిదీ ఎప్పుడైందో గుర్తులేదు. ఎవరినీ అడిగిన గుర్తూ లేదు.

కర్పూరం మరిచి గుడి దగ్గర నుంచి వెనక్కి వస్తే, అందరూ బస్సు వెనక కూర్చుని బొరుగుల ఉగ్గాని తింటున్నారు. పక్కింటి సుంకులమ్మ చెయ్యి నోటి దగ్గరే ఆగిపోయింది.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"తొమ్మిదేండ్లక్కా. నాకు షుగరు. కండ్లు తిరుగుతాయి."

"నాతో ఒక మాట అనొచ్చు గదా?"

"నీకు ఎవురు సెప్తారక్కా? నువ్వు తిట్టవు, కొట్టవు. ఊరికే సూస్తావు. ఆ సూపుకే సచ్చిపోతాం."

ఇన్నేళ్ళూ నా మాట ఎవరూ జవదాటలేదని స్వామికి చెప్పుకుని మురిసిపోయాను. నీ ఏలికకు ఇదే రాయి. అతను ఎవరినీ హింసించనక్కర్లేదు. అడగడం మానేస్తే చాలు.

మీ అక్క


ఆదోని,
సోమవారం

ప్రియమైన అక్కా,

ఇది రాయడానికి నాలుగు రోజులు పట్టింది. నవలలో ఏలిక వస్తుంటే జనాన్ని హెచ్చరించే పిల్ల ఉంది కదా, అది నేనే. ఆదోనికి వచ్చేదాకా బస్సు వెనక కాపలా నాదే. "అక్క వస్తాంది, డబ్బా మూయండి" అనేదాన్ని.

ఏలికవు నువ్వే. గుర్తుపడతావని భయపడి మీసాలు పెట్టాను, క్రూరుణ్ణి చేశాను. అందుకే అతనికి ప్రాణం రాలేదు. ఇప్పుడు వస్తోంది. కానీ నువ్వు ఊ అంటేనే అచ్చుకు ఇస్తాను. వద్దంటే చించేస్తాను.

అనురాధ


ఎమ్మిగనూరు,
మంగళవారం

ప్రియమైన అనురాధా,

ఊ అనను, వద్దనను. నీ పుస్తకానికి నా అనుమతి ఏమిటి?

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు జపం కుదరలేదు. నిన్న నాలుగో సోమవారం, మళ్ళీ ఉరుకుంద ప్రయాణం. తెల్లవారకముందే లేచి బొరుగులు నానబెట్టి నేనే ఉగ్గాని చేశాను. ఉరుకుందలో బస్సు దిగగానే డబ్బా తెరిచి తినండమ్మా అన్నాను. ఒక్కరూ చెయ్యి పెట్టలేదు. పరీక్ష అనుకున్నారు. "ఆకలి లేదులేక్కా" అంది సుంకులమ్మ, కళ్ళు తిరిగి బస్సు తలుపు పట్టుకుంటూనే. అధికారం తీసుకున్నంత తేలిగ్గా తిరిగి ఇవ్వలేమని అప్పుడు తెలిసింది.

ముప్పై ఏళ్ళ ఒక్కపొద్దు. కళ్ళు మూసుకుని స్వామికి చెప్పుకుని, మొదటి పిడికెడు నేనే తిన్నాను. అప్పుడు ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. సుంకులమ్మ రెండు ముద్దలు తిని, తలెత్తి నా ముఖంలోకి చూసి, "ఉప్పు తక్కువైందక్కా" అంది.

దర్శనం చాలా బాగా జరిగింది.

మీ అక్క,
మల్లేశ్వరి