సీటు లేని సైకిల్

వనపర్తి, ఆదివారం

నాయినా, నా చేతులు, కాళ్లు, పళ్లు అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. ఫోన్ చేస్తే "దెబ్బ తగిలిందా బిడ్డా" అని తప్ప నువ్వు ఇంకోమాట మాట్లాడవు, అందుకే కార్డు.

నా సైకిల్‌కు సీటు లేదన్నానని నువ్వు ఆత్మకూరు బస్సు డ్రైవర్ చేత పంపిన కొత్త సీటు అందింది. నాకు నేర్పే సైకిల్ షాపు హమ్జా భాయి దాన్ని చూసి ఒకటే నవ్వు. "ట్రయల్స్ సైకిల్ నిలబడి ఫీట్లు చేసేది, కూసునేది కాదని మీ నాయినకు తెల్వదా?" అన్నాడు. నాకు మండింది. ఆ మంటలోనే సైకిలెక్కి, ముందు బ్రేకు పట్టి, వెనక చక్రం గాలిలోకి లేపాను. నెలరోజులుగా చక్రాన్నే చూస్తూ అక్కడే పడుతున్నాను. ఈసారి చేను గెట్టు దగ్గర నాగలి ఎత్తి ఎద్దుల్ని మలిపేటప్పుడు నువ్వనే మాట గుర్తొచ్చింది: "ఎద్దుల కాళ్లు చూడకు, మర్లే దిక్కు చూడు." అటే చూశాను. ముందు చక్రం మీదే గిర్రున ఒక చుట్టు తిరిగి నిలబడ్డాను!

"గిది నీకెవలు నేర్పిండ్రు?" అన్నాడు భాయి.

"మా నాయిన" అన్నాను.

పల్లికాయ పీకడం అయిందా? అమ్మ నడుమునొప్పి ఎట్లుంది? మోకాళ్లకు కట్టుకోవడానికి పాత బొంత ముక్క ఒకటి అదే బస్సులో పంపమను. ఎందుకని అడగొద్దు.

అమ్మకు దండాలు చెప్పి, వచ్చే ఆదివారం నువ్వు రా. నీ సీటును షాపు ముందు స్టూలుకు బిగించాను. దాని మీద ఇంకా ఎవర్నీ కూర్చోనివ్వలేదు.

నీ బిడ్డ,
మాలతి