సుద్దగుర్రానికి రెండో కన్ను

తమ్ముడు గైల్స్‌ను అక్క ప్రేమతో దీవించి రాసేది:

వానలు ఒకటి తప్పించి ఇక్కడ అందరం కులాసా. టాస్మేనియాలో నువ్వూ పిల్లలూ అలాగే ఉన్నారనుకుంటాను.

పాత మఠం గోడ పడలేదు. దూలాలు దన్ను పెట్టారు. లోపల గొర్రెలు మేయడం మామూలే. చర్చి గంటలు మోగించడానికి మనుషులు చాలక ఈస్టర్‌కి పక్క ఊరివాళ్లను బతిమాలాం. నాన్నను వృద్ధాశ్రమంలో చేర్చే సంగతి అడిగావు. దానికే వస్తున్నాను.

పోయిన శనివారం, తాతలనాడు కొండవాలున పచ్చిక చెక్కి సుద్ద నింపి గీసిన మన సుద్దగుర్రాన్ని మళ్లీ తెల్లబరిచాం. కలుపు పీకి, కొత్త సుద్ద పోసి, సుత్తులతో దంచడం. ఎవరింటి వంతు వాళ్లది. కన్ను మనింటిది కదా, నాన్న మోకాళ్లమీద కూర్చుని ఎంతో శ్రద్ధగా దంచాడు. నేను సుద్ద బకెట్ మోసుకొచ్చి చూద్దును కదా, పాత కన్ను అలాగే ఉంది. దాని పక్కన పచ్చిక కోసేసి ఇంకో కన్ను చేశాడు. పక్కకు తిరిగి పరిగెత్తే గుర్రానికి రెండు కళ్లు!

సుత్తులన్నీ ఆగిపోయాయి.

"ఏంటలా గుడ్లప్పగించి చూస్తారు?" అన్నాడు నాన్న.

పక్కింటి ఎనిడ్ నడుం పట్టుకుని వంగి చూసింది. "బానే ఉంది అంబ్రోస్. ఇన్నాళ్లూ మా ఇంటివైపు చూసేదే కాదు. ఇకనైనా చూస్తుంది."

"నీ ఇంట్లో ఏముందే చూడ్డానికి, మాడిన కేకులు తప్ప!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వి, మొహం తిప్పుకున్నాను.

పచ్చిక మళ్లీ పరిచేద్దామని కొందరన్నారు. ఈ ఏడాదికి వదిలేయమన్నాను. అది నాన్న మీద జాలో, నా పిరికితనమో చెప్పలేను.

ఇప్పటిదాకా రాయలేకపోయింది ఇది. చలికాలం నుంచి నాన్న నన్ను ఫిలిస్ అని పిలుస్తున్నాడు. మొదట్లో సరిదిద్దాను: "అమ్మ పోయింది నాన్నా, నేను హెస్టర్‌ని." అప్పుడే కబురు విన్నట్టు కుమిలిపోయాడు. మర్నాడు మళ్లీ అదే పిలుపు, అదే ఏడుపు. ఇప్పుడు "ఆఁ, ఇక్కడే ఉన్నా" అంటున్నాను. స్థిమితపడి టీ తాగుతాడు.

ఆశ్రమంలో గది ఖాళీ అయిందన్నారు. నిన్ను అడక్కుండానే నిన్న వద్దని చెప్పేశాను. అక్కడ ఆయన పిలిస్తే ఎవరు పలుకుతారు? తప్పు చేశానేమో. ఎన్నాళ్లు మోయగలనో కూడా తెలియదు. ఒక్కదాన్నే తేల్చుకోలేకపోతున్నాను. నువ్వు రా.

గుమ్మంలో నిన్ను చూసి ఎవరి పేరో పెట్టి పిలవొచ్చు. సరిదిద్దకు. పలుకు.

ఇట్లు,
నీ రాక కోసం చూసే అక్క,
హెస్టర్