తేలిన గింజలు

1964 జూన్ 8

మా అటవీ నర్సరీకి పైన్ గింజల సంచి వచ్చింది. ఉత్తరాది కొండల చెట్టు. మన జన్నారం మట్టిలో బతుకుతుందో లేదో చూడాలట. ఒక్కో గింజకూ ఉసిళ్ల రెక్కలాంటి రెక్క. అరచేతుల మధ్య నలిపితే ఊడుతుంది, చాటలో చెరిగితే ఎగిరిపోతుంది. రేంజరు గారి మాట — బరువైనదే మొలుస్తుంది, తేలికది ఏరేయండి.

చెరిగి నీళ్ల తొట్టిలో పోశాం. సగానికి పైగా తేలాయి.

"వడ్ల లెక్కనే లచ్చవ్వా, తేలింది తాలు" అన్నాను.

నాతో కూలికి వచ్చే లచ్చవ్వ ఒకటి కొరికి చూసింది. "లోపల పప్పున్నదక్కా... రేపటిదాంక నాననియ్యి."

వినలేదు. చదువుకున్నదాన్ని కదా. నేనే తోడి బావి వెనక పారబోశాను.

జూన్ 10

సంచి అడుగున కాగితం. రోజంతా నానబెట్టాలి, మంచి గింజ నీళ్లు తాగి మెల్లగా మునుగుతుంది... మూడుసార్లు చదివాను. బావి వెనక్కి పరుగు. నిన్నటి వానకు మట్టి కప్పేసింది. పది కూడా దొరకలేదు.

జూన్ 11

"ఎవరు పారబోసిన్రు?" — రేంజరు గారు.

నేను తల వంచి చాట దులిపాను. ఆయన చూపు లచ్చవ్వ మీదికి పోయింది. "రేపటి సంది రాకు."

అది నా పేరు చెప్పలేదు. తట్ట ఎత్తుకుంటూ నాతో ఒక్క మాట — "నోట్లె గింజలు పోసుకున్నవా అక్కా?"

జూన్ 12

గింజల గదిలో ఒక్కదాన్ని. మా వారు పోయాక ఈ పనే నాకు ఇల్లు. చెబితే ఇదీ ఉండదు.

జూన్ 19

సద్ది విప్పి దండం పెట్టుకున్నాను, తినకుండానే మళ్లీ కట్టేశాను. లచ్చవ్వ ఉంటే నవ్వేది — "గిన్ని మెతుకులకు గింతసేపు దండమా!"

జూన్ 26

రామనామం రాస్తున్నాను. మధ్యలో లచ్చవ్వ పేరు రాశాను. కొట్టేయలేదు.

జూలై 9

బావి వెనక మొలకలు. సన్నని పచ్చటి సూదుల గుత్తులు, ఒక్కో దాని నెత్తిన గింజ పొట్టు టోపీలా. అన్నీ నేను తాలు అన్నవే.

ఒకదాన్ని మట్టితో సహా మోదుగ దొన్నెలో పెట్టుకుని ఆఫీసుకు. రేంజరు సారు క్యాంపులో, సోమవారం గాని రారట. కాళ్లు లచ్చవ్వ ఇంటికి నడిచాయి.

దొన్నె వైపు చూసింది. ముట్టుకోలేదు.

"సారుకు చెప్పినవా?"

"సోమవారం వస్తరట..."

"చెప్పినంక రా."

తలుపు వేసుకుంది.

ఇంటికొచ్చి దొన్నె కిటికీలో పెట్టాను. నీళ్లు చిలకరించాను. పొట్టు ఇంకా ఊడలేదు.

ఇవాళ గురువారం.