చెంప మీద మచ్చ

అక్కకు,

రవణ నమస్కారాలు. తిండికీ నీడకీ లోటు లేకుండా ఇక్కడ బాగానే ఉన్నాను. నువ్వు, బావగారు ఎలా ఉన్నారు? మీ అత్తగారి మోకాళ్ల నొప్పి తగ్గిందా? పార్వతీపురంలో వానలు తెరిపి ఇచ్చాయా?

ఫోను చేయకుండా ఉత్తరం రాస్తోందేమిటి అనుకుంటావు. ఫోనులో అయితే నువ్వు మధ్యలో ఏడుస్తావు, నేను అరుస్తాను, చెప్పాల్సింది అలాగే ఉండిపోతుంది. ముందే చెబుతున్నాను, నేను బాగానే ఉన్నాను. కింది పెదవి చిట్లింది, కుడి మోచెయ్యి వాచింది. అంతే. బొమ్మలు గీయగలుగుతున్నాను.

అరకు వచ్చి ఏడాది దాటినా ఈ చలికి నా ఎముకలు ఒప్పుకోవడం లేదు. పొద్దున తొమ్మిదైనా ఎదురింటి గుమ్మం కనబడదు. కాఫీ పొట్లాల మీదకి బొమ్మలు గీసి ఇస్తున్నాను. మిగతా రోజుల్లో రోడ్డు పక్కన కూర్చుని టూరిస్టులకి కొండల బొమ్మలు అమ్ముతున్నాను. మన చేపల పులుసు మీదకి మనసు పోతుంది, దొరికేది చోడి అంబలి. అదీ అలవాటైపోయిందిలే. ఒక్కోరోజు మాట్లాడే మనిషి లేక పెన్సిళ్లతోనే తగువు పెట్టుకుంటాను. నాకు మాటకి మాట అప్పజెప్పేది ఒక్క సోంబారే. నేను అద్దెకున్న ఇల్లు ఆమెదే. అరవై ఏళ్లుంటాయి. నన్ను ఇప్పటికీ చిన్నపిల్లలా గుంటా అనే పిలుస్తుంది.

మొన్న వానల్లో పట్టపగలు ఆమె మిరియాల తోట నుంచి వస్తుంటే, ఎవడో కర్రతో ముఖం మీద కొట్టి చెవిపోగులు ఎత్తుకుపోయాడు. విప్పలేదక్కా, లాగేశాడు. రెండు తమ్మెలూ చీలి వేలాడాయి. ఆసుపత్రిలో కుట్లు వేయించి తెచ్చి అరుగు మీద పడుకోబెట్టాము. కళ్లు రెండూ వాచి మూసుకుపోయాయి. రవికంతా రక్తం ఎండి అట్ట కట్టింది. ఆ స్థితిలోనే వాడి ముఖం చెప్పింది. "గుండ్రం మొకం గుంటా. సప్పిడి ముక్కు. కనుబొమ్మలు రెండూ కలిసిపోయుంటాయి. బేగి గియ్యి, మర్సిపోతాను."

నువ్వు పంపిన వాటర్ కలర్ పెన్సిళ్లే తీశాను. మామూలు పెన్సిలులాగే గీస్తాం, పైన తడి కుంచె తిప్పితే గీతలు కరిగి రంగవుతాయి. నా కోపం నీకు తెలుసు కదా, చిన్నప్పుడు నీ పలక నీ నెత్తి మీదే పగలగొట్టినదాన్ని. గోధుమరంగు మొన రెండుసార్లు విరిగింది. కుంచె తిప్పుతుండగా చూరు నుంచి ఒక వాన చుక్క ఎడమ చెంప మీద పడింది. రంగంతా అక్కడికి చేరి, అంచు నల్లగా తేలి, రూపాయంత మచ్చ అయింది. గుడ్డతో అద్దితే పోయేది. అద్దలేదు. ఆ మచ్చతో ముఖం ఇంకా దుర్మార్గంగా కనబడింది, నాకది నచ్చింది. సోంబారి బొమ్మ చూడలేదు, చూడ్డానికి కళ్లు తెరుచుకుంటే కదా.

ఆ సాయంత్రానికల్లా బొమ్మ ఊళ్లో అందరి ఫోనుల్లోకీ ఎక్కింది. నీకూ పంపాను. నువ్వేమో చుట్టాలందరికీ పంపావు.

మర్నాడు సంతలో కొండ చీపుళ్లు అమ్ముకుంటూ ఒకాయన కనబడ్డాడు. గుండ్రటి ముఖం. ఎడమ చెంప మీద ఎప్పటిదో కాలిన మచ్చ. "ఈడే, ఈడే" అని అరిచింది నేనే అక్కా. చెప్పు తీసి మొదటి దెబ్బ కొట్టిందీ నేనే, సరిగ్గా ఆ మచ్చ మీదే. ఆ తర్వాత జనం మీద పడ్డారు, నాకు చోటు దొరకలేదు. అతని చీపుళ్లతోనే అతన్ని కొట్టారు. అవి విరిగాక రాళ్లు తీశారు. చెయ్యి విరిగిన చప్పుడు నాకు వినిపించింది. పళ్లు ఊడి పసుపుకొమ్ముల కుప్పలో పడ్డాయి. "తన్నండి, ఇంకా తన్నండి" అని నేను గొంతు పోయేలా అరుస్తూనే ఉన్నాను.

చివరికి అతన్ని సోంబారి గుమ్మం ముందుకు ఈడ్చుకొచ్చారు. అప్పటికి ఆమెకి ఒక కన్ను సన్నగా తెరుచుకుంది. దగ్గరికి వంగి చూసి గుండెలు బాదుకుంది. "ఈడు కాదురా దేవుడా! ఆడి సెంప నున్నగా ఉంది. మచ్చేటి?"

"నువ్వే కదే సెప్పావు!" అని అందరూ ఆమె మీద లేచారు.

"నానెప్పుడు సెప్పాను?"

నాకు అర్థమైపోయింది. నా అంత సిగ్గుమాలినది ఉండదు అక్కా. ఆమె తప్పు చెప్పిందనే అనుకుని అందరూ ఆ రోజుకి వెళ్లిపోయారు, నేను వెళ్లనిచ్చాను.

నాలుగో రోజున అతని ఊరివాళ్లు కర్రలతో వచ్చారు. అతని పేరు సుక్రు. చెయ్యి మెడకి కట్టుకుని వెనకాల నిలబడ్డాడు. వచ్చీ రాగానే సోంబారి కుండలు పగలగొట్టారు. ఒకడు ఆమె జుట్టు పట్టుకుని గుమ్మంలోంచి లాగాడు. చెవి కుట్లు ఊడి మళ్లీ రక్తం కారింది. అప్పుడు గానీ నాకు నోరు రాలేదు.

"ఆమెను వదలండి. మచ్చ పెట్టింది నేను" అన్నాను. ఎవరికీ తలకెక్కలేదు. లోపలికి పరిగెత్తి పెన్సిళ్లు తెచ్చాను. అందరి ముందూ ఒక చెంప గీసి, దాని మీద వేలితో చుక్క నీళ్లు వేశాను. రంగు అక్కడికి పాకి, నల్ల అంచు కట్టింది. అది చూసి సోంబారి జుట్టు పట్టుకున్నవాడు చెయ్యి వదిలేశాడు.

సుక్రు భార్య కదిలింది. చీపురు కట్ట తిరగేసి, కర్ర వైపుతో నా ముఖం మీద కొట్టింది. మోచెయ్యి అడ్డం పెడితే దాని మీద కొట్టింది. అడ్డం పెట్టడం మానేశాను. ఎన్ని దెబ్బలో లెక్క లేదు. "నా మొగుడు దొంగా? సెప్పవే! దొంగా?" అని దెబ్బ దెబ్బకీ అడిగింది. సోంబారి వచ్చి మధ్యలో పడింది. నేను ఎవరిని నాలుగు రోజులు తిట్లపాలు చేశానో ఆమే వచ్చింది.

సుక్రు నోటి వాపుతోనే మాట్లాడాడు. "సాల్లెండి. ఈ గుంట నా బొమ్మ గియ్యాలి. మచ్చతోనే. కింద 'ఈడు కాదు' అని రాయాల. ఆ బొమ్మ ఎక్కడెక్కడికి ఎల్లిందో అక్కడికల్లా ఇదీ ఎల్లాల."

గీశాను. రెండు గంటలు నా ఎదురుగా కూర్చున్నాడు, ఒక్కసారి కూడా చూపు తిప్పలేదు. మరునాడు స్టేషనుకి వెళ్లి మొదటి దెబ్బ నాదేనని రాసిచ్చాను. ఏం చేస్తారో తెలియదు. అసలువాడు ఇంకా దొరకలేదు. సంతలో ప్రతి గుంజకీ సుక్రు బొమ్మ కట్టి వచ్చాను, దుకాణాలవాళ్లు నాతో మాట్లాడడం లేదు. నువ్వేం భయపడకు, బాగానే ఉన్నాను. సోంబారి అంబలి పోస్తోంది గానీ గుంటా అని పిలవడం లేదు, అదొక్కటే తట్టుకోలేకపోతున్నాను. గోధుమరంగు పెన్సిలు అరిగిపోయింది, వీలైతే ఒకటి పంపు.

అత్తగారికి, బావగారికి నా దండాలు. బావగారికి ఇది చదివి వినిపించు, దాచకు.

కవరులో సుక్రు బొమ్మ ఒకటి పెట్టాను. ఈసారి కుంచె తిప్పలేదు, పొడిగానే వదిలేశాను. తడి తగలనివ్వకు. ఫొటో తీసి, మొదటిది ఎవరెవరికి పంపావో వాళ్లందరికీ పంపు. దాని కింద 'మా చెల్లి గీసింది' అని గొప్పగా రాశావు కదా. దీని కిందా అదే రాయి.

తిట్టాకైనా దీవించు.

నీ చెల్లెలు,
రవణ