గోడమీద పట్టికలో చిన్న గీత

అక్కా,

నా దగ్గు తగ్గింది, కంగారుపడకు. ఈసారి నీతో పనిపడి రాస్తున్నాను.

మా బడిలో మొన్నటి పరీక్షల పట్టిక గోడకు పెట్టారు. ఇంట్లో మాట్లాడే భాషనుబట్టి పిల్లల్ని విడదీసి, ఏ గుంపులో ఎంత శాతం పాసయ్యారో అందులో రాస్తారు. పదిమందికి తక్కువున్న గుంపుకు అంకె వేయకూడదట, చిన్న గీత గీయాలట. ఏం రూలో ఏమో! గీసింది మాత్రం నేనే.

మీ అత్తారింటి భాష మాట్లాడే పిల్ల మా బడి మొత్తానికి ఒక్కతే. ఏడో తరగతి. లెక్కల్లో క్లాసుకల్లా మొదటి మార్కు తనదే. మధ్యాహ్నం మెట్లమీద ఒంటరిగా కూర్చుని తింటుంది. నేనూ స్టాఫ్‌రూంలో ఒక్కదాన్నే కిటికీ పక్కన తింటాను కాబట్టి నాకు కనిపిస్తుంది.

నిన్న పట్టిక ముందు చాలాసేపు నిలబడి, "టీచర్, ఈ గీత మా భాషవాళ్ళదా?" అంది. అవును, పదిమందికి తక్కువుంటే గీతే వేస్తామన్నాను. దాని మొహం వెలిగిపోయింది.

"పదిమందికి తక్కువంటే తొమ్మిదిమంది దాకా ఉండొచ్చుగా! మిగతావాళ్ళు ఏ క్లాసులో ఉన్నారు టీచర్?"

నువ్వొక్కదానివేనని చెప్పడానికి నాకు నోరు రాలేదక్కా. "ఉన్నారులే, వచ్చేవారం చూపిస్తా" అనేశాను.

పెళ్ళయిన కొత్తలో ఆ భాష రాక వంటింట్లో ఏడ్చేదాన్నన్నావు. ఇప్పుడు నీకు కలలు కూడా అందులోనే వస్తాయట కదా. నాకో నాలుగు ముక్కలు మన అక్షరాల్లో రాసి వెంటనే పంపు. తిన్నావా, నీ పక్కన కూర్చోనా, అలాంటివి.

అన్నిటికన్నా ముందు, "నేనున్నాను" అని ఎలా అంటారో రాయి.

నీ చెల్లి